చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, నొప్పి మాత్రం లేదు. క్లీనింగ్ చేయించాలా, మందులతో తగ్గుతుందా?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. వయసు 34. ఆరేడు నెలలుగా పళ్లు తోముకునేటప్పుడు రక్తం వస్తోంది, నొప్పి లేదు. కింది ముందు పళ్లలో ఒకటి మునుపటికన్నా పొడుగ్గా కనిపిస్తోంది. రక్తం వస్తోంది కదా అని అక్కడ బ్రష్ తగలనివ్వడం మానేశారు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. మంచి మౌత్‌వాష్ వాడితేనో, మాత్రలు వేసుకుంటేనో తగ్గుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మౌత్‌వాష్‌తో తగ్గదు, మాత్రలతోనూ తగ్గదు. మీరు చెప్పినవి దాదాపుగా చిగుళ్ల జబ్బు లక్షణాలే. పంటికీ చిగురుకీ మధ్య పేరుకున్న పాచినీ గారనూ పరికరంతో గీకి తీయాల్సిందే. క్లీనింగ్ వల్ల పళ్లు వదులు కావు, దాని సంగతి కింద వివరంగా రాస్తాను. ఇక రక్తం వస్తోందని బ్రష్ పెట్టడం మానేశారు చూశారూ, మొత్తం మీద మీరు చేస్తున్న అసలు పొరపాటు అదే. ఇవాళ రాత్రి నుంచే అక్కడ కూడా తోమండి. మెత్తటి బ్రష్‌తో, నెమ్మదిగా, కానీ వదలకుండా.

మీ జబ్బు ఇంకా చిగురు దగ్గరే ఆగిందా, లోపలి ఎముక దాకా దిగిందా అన్నది మాత్రం ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఇరవై ఏళ్లకు పైగా చిగుళ్ల చికిత్సే చేస్తున్నాను, అయినా కొలవకుండా ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. ఎవరైనా ఫొటో చూసి చెప్పేస్తే నమ్మకండి.

రక్తం అసలు ఎందుకొస్తుంది

పళ్లు తోముకున్న కొద్ది గంటలకే పంటి మీద కంటికి ఆనని పొర ఒకటి మళ్లీ మొదలవుతుంది. అదే పాచి. చాలామంది అనుకున్నట్టు అది తిండి ముక్కలు కాదు, జిగురులాంటి పదార్థంలో ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవుల గుంపు. చిగురు అంచున అది రోజుల తరబడి ఉండిపోతే ఒళ్లు ఊరుకోదు. దాన్ని ఎదుర్కోవడానికి అక్కడికి రక్తప్రసారం పెంచుతుంది. చిగురు ఉబ్బుతుంది. పంటివైపు ఉండే లోపలి పొర పలచబడి, అక్కడక్కడా చిన్న పుండులా తెరుచుకుంటుంది. బ్రష్ తగిలినప్పుడు రక్తం వచ్చేది అక్కడి నుంచి. అంటే బ్రష్ గాయం చేయట్లేదు, ఉన్న గాయాన్ని బయటపెడుతోంది.

దీన్ని 1965లోనే హరాల్డ్ లోయె అనే పరిశోధకుడు డెన్మార్క్‌లో తేల్చి చూపించారు. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా ఆపేయమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టించాక వారం రోజులకల్లా దాదాపుగా మామూలైపోయాయి. మందు లేదు, మాత్ర లేదు, ఉత్త బ్రష్షే. చిగుళ్ల జబ్బు గురించి ఒక్క ప్రయోగం గుర్తుపెట్టుకోమంటే నేను చెప్పేది ఇదే.

ఇప్పుడు మీ విషయానికి అన్వయించుకోండి. రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేశారు. తోమకపోతే పాచి పెరుగుతుంది. పాచి పెరిగితే వాపు పెరుగుతుంది, రక్తం ఇంకా తేలిగ్గా వస్తుంది, మీకు భయం ఇంకా పెరుగుతుంది. పైగా కదిలించని పాచిలోకి లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడడం మొదలవుతుంది. అదే గార. ఒకసారి గార కట్టాక బ్రష్‌తో రాదు, ఎంత ఖరీదైన పేస్టు పెట్టి తోమినా రాదు. కింది ముందు పళ్ల వెనక గార ఎక్కువగా పట్టడానికి కారణం ఉంది. నాలుక కిందే లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకుంటాయి. అద్దం పట్టుకుని చూస్తే మీకూ అక్కడ పసుపుగానో గోధుమ రంగులోనో గట్టి పట్టీలా కనిపించవచ్చు.

చిగురు దగ్గరే ఉందా, ఎముకకు దిగిందా

చిగుళ్ల జబ్బులో రెండు మెట్లున్నాయి. మొదటిది చిగుళ్ల వాపు, జింజివైటిస్ అంటాం. ఇందులో ఎముక పోలేదు, పంటిని పట్టి ఉంచే నారలు తెగలేదు. బాగుచేస్తే మళ్లీ మొదట ఎలా ఉండేదో అలా అయిపోతుంది. రెండోది పెరియోడాంటైటిస్. ఇందులో పాచి చిగురు కిందికి దిగి, దానికీ శరీరానికీ జరిగే పోరులో పంటి చుట్టూ ఉన్న ఎముక కొద్దికొద్దిగా కరిగిపోతుంది. ఆపగలం కానీ, పోయిన ఎముకను చాలా చోట్ల తిరిగి తేలేం. అందుకే ఏ మెట్టు మీదున్నారో తెలియడం ముఖ్యం.

తెలుసుకునే పద్ధతి చాలా మామూలుది. మొద్దు మొన ఉన్న సన్నటి పుల్లలాంటి పరికరం, దాని మీద మిల్లీమీటర్ల గుర్తులు. దాన్ని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దింపి ఎంత లోతు వెళ్తుందో చూస్తాం. ఒక్కో పంటికి ఆరు చోట్ల, నోట్లో పళ్లన్నిటికీ. ఆరోగ్యంగా ఉన్న చిగురులో 1 నుంచి 3 మిల్లీమీటర్లు వస్తుంది. 4 దగ్గర జాగ్రత్త పడతాం. 5, 6, ఆపైన అంటే అక్కడ సంచిలాంటి ఖాళీ ఏర్పడిందన్నమాట, మేం పాకెట్ అంటాం. అందులోకి మీ బ్రష్ చేరదు.

డాక్టర్ కొలుస్తూ అంకెలు చెప్తుంటే పక్కన అసిస్టెంట్ రాసుకుంటారు. మూడు, రెండు, మూడు. మూడు, రెండు, అయిదు. కుర్చీలో పడుకుని మీరూ వినండి. నేనైతే పేషెంట్‌కి ముందే చెప్తాను, "నాలుగు దాటిన అంకె వినబడితే అది ఏ పన్నో అడగండి" అని. తన నోట్లోని అంకెలు తను విన్న మనిషికి తర్వాత ఉపన్యాసం ఇవ్వాల్సిన పనుండదు. చిగుళ్లు కొలవకుండా, ఎక్స్‌రే చూడకుండా "ఏం లేదు, మౌత్‌వాష్ వాడండి" అని పంపించేస్తే ఆ పరీక్ష పూర్తి కానట్టే లెక్క. ఎక్స్‌రేలో ఎముక ఎంత తగ్గిందో, ఏ ఆకారంలో తగ్గిందో కనబడుతుంది.

రిపోర్టులో "స్టేజ్ 2, గ్రేడ్ బి" లాంటి మాట రాస్తే కంగారు పడకండి, క్యాన్సర్ స్టేజీలతో దానికి సంబంధం లేదు. స్టేజ్ 1 నుంచి 4 దాకా ఉంటాయి, ఇప్పటికి ఎంత నష్టం జరిగిందో చెప్తాయి. గ్రేడ్ అది ఎంత వేగంగా సాగుతోందో చెప్తుంది. పొగ తాగడం, షుగర్ ఉండడం ఆ గ్రేడ్‌ను పెంచేస్తాయి.

మీ పన్ను పొడుగైన సంగతి. పన్ను పెరగలేదు, చిగురు కిందికి జారి వేరు బయటపడింది. ఇది ఎముక కరగడం వల్ల కావచ్చు. కానీ కింది ముందు పళ్ల ముందు భాగంలో ఎముక పుట్టుకతోనే చాలా పలచగా ఉంటుంది. పన్ను వరస నుంచి కాస్త ముందుకు జరిగి ఉన్నా, బ్రష్‌ను అడ్డంగా రంపంలా లాగే అలవాటున్నా ఆ ఒక్క పంటి దగ్గర చిగురు జారుతుంది. కాబట్టి పొడుగైన పన్ను ఉన్నంత మాత్రాన పెరియోడాంటైటిస్ అని తీర్మానించేయలేం. మిగతా పళ్ల దగ్గర అంకెలు ఎలా ఉన్నాయో చూస్తే తేలిపోతుంది.

నొప్పి లేదు కదా అన్న ధైర్యం వద్దు

పిప్పి పన్ను అరుస్తుంది. చిగుళ్ల జబ్బు చాప కింద నీరులా పోతుంది. వాపు నెమ్మదిగా నడిచే రకం, పాకెట్ పైన తెరుచుకునే ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరగదు, అందుకే నొప్పి తెలియదు. నొప్పి వచ్చేది ఎక్కువగా పాకెట్ నోరు మూసుకుపోయి చీము లోపల నిలిచినప్పుడు. అప్పటికి ఎముక చాలా భాగం పోయి ఉంటుంది. నా దగ్గరికి "నిన్నటిదాకా ఏం లేదు డాక్టర్, ఇవాళ్టికి పన్ను కదులుతోంది" అంటూ వచ్చేవాళ్ల ఎక్స్‌రేలో ఏళ్ల చరిత్ర కనబడుతుంది.

నొప్పి లేకుండా కనబడే సంకేతాలు కొన్ని ఉన్నాయి. బ్రష్ మీద గానీ, కొరికిన తిండి మీద గానీ రక్తపు చార. పొద్దున లేవగానే నోట్లో ఉప్పగానో ఇనుము రుచిలానో అనిపించడం. తోముకున్నా పోని దుర్వాసన. మునుపు లేని చోట తిండి ఇరుక్కోవడం. ముందు పళ్ల మధ్య కొత్తగా సందు రావడం, పన్ను కాస్త పక్కకు తిరగడం. చిగురు నొక్కితే తెల్లగా చీము చుక్క రావడం. నమిలేటప్పుడు ఒక పన్ను మిగతావాటికంటే ముందు తగులుతున్నట్టు ఉండడం.

రంగు విషయంలో ఒక జాగ్రత్త. ఎర్రగా ఉంటే జబ్బు, గులాబీ రంగులో ఉంటే ఆరోగ్యం అని పుస్తకాల్లో ఉంటుంది. చాలామందికి చిగుళ్లు సహజంగానే ముదురు గోధుమ, నలుపు రంగులో ఉంటాయి. అది ఒంటి రంగులాంటిదే, జబ్బు కాదు. అలాంటి చిగుళ్లలో ఎరుపు అంత తేలిగ్గా కనబడదు. రంగు బదులు ఆకారం చూడండి. రెండు పళ్ల మధ్య చిగురు సన్నటి మొనలా ఉండాలి. అది ఉబ్బి గుండ్రంగా, మెరుస్తూ, మెత్తగా ఉంటే వాపు ఉన్నట్టు.

రక్తం రాకపోయినా జబ్బు ఉండొచ్చు. ఒకాయన గురించి చెప్పాలి. యాభై దాటాయి, రోజుకు ఒక పెట్టె సిగరెట్లు. కింది దవడ పన్ను కదులుతోందని వచ్చారు. "నాకు జీవితంలో చిగుళ్ల నుంచి చుక్క రక్తం రాలేదు" అని గర్వంగానే చెప్పారు. కొలిస్తే వెనక పళ్లన్నిటి దగ్గరా 6, 7 మిల్లీమీటర్లు. పొగ తాగేవాళ్లలో చిగుళ్లలోని వాపు, రక్తం కారడం అణిగిపోయి ఉంటాయి, జబ్బు మాత్రం మామూలు కంటే వేగంగా సాగుతుంది. చికిత్స మొదలుపెట్టి, పట్టుదలగా సిగరెట్లు మానేశారు. నెల తిరక్కుండానే ఫోన్: "మానేశాక రక్తం మొదలైంది, మళ్లీ తాగితే ఆగుతుందా?" నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రక్తం చిగురు మళ్లీ మామూలుగా స్పందిస్తోందనడానికి గుర్తు. ఆయన అలాగే నిలబడ్డారు, మూడు నెలలకు రక్తమూ తగ్గింది. మీరు పొగ తాగుతారో లేదో రాయలేదు. తాగుతుంటే మాత్రం నేను చెప్పే ప్రతి చికిత్సా సగమే పనిచేస్తుందనుకోండి.

షుగర్, మందులు, గర్భం

చిగుళ్లలో పదేపదే చీము గడ్డలు కడుతున్నాయని వచ్చిన ఒకావిడకు ముందు రక్త పరీక్ష రాసిచ్చాను. "పంటికి వస్తే రక్త పరీక్ష ఏమిటి" అని ఆవిడ భర్త చిరాకు పడ్డారు. మూడు నెలల సగటు చక్కెర, అదే హెచ్‌బీఏ1సీ, బాగా పెరిగి ఉంది. అప్పటిదాకా షుగర్ ఉందని వాళ్లకు తెలియదు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు మానవు. ఇది రెండువైపులా నడిచే వ్యవహారం. షుగర్ ఉన్నవాళ్లలో చిగుళ్ల జబ్బుకు సరిగ్గా చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని చాలా అధ్యయనాలు కలిపి చూస్తే తేలింది. షుగర్ మాత్ర మానేసేంత కాదు, కానీ తీసిపారేసేదీ కాదు. మీ కుటుంబంలో షుగర్ ఉంటే ఒకసారి పరీక్ష చేయించుకోండి.

కొన్ని మందుల వల్ల చిగుళ్లు పళ్ల మీదికి కండలా పెరుగుతాయి. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, కిడ్నీ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్. అందరికీ రాదు. వచ్చినా మీ అంతట మీరు ఆ మందు ఆపకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడితే చాలాసార్లు వేరే మందుకు మార్చగలుగుతారు. గర్భిణులకు హార్మోన్ల వల్ల కొద్ది పాచికే చిగుళ్లు ఎక్కువగా వాస్తాయి. ఆ సమయంలో క్లీనింగ్ చేయించుకోవచ్చు, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అయితే సౌకర్యంగా ఉంటుంది. "కాన్పు అయ్యేదాకా నోట్లో చెయ్యి పెట్టనివ్వను" అని భీష్మించుకోవడం మంచిది కాదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా

నా వృత్తి జీవితంలో నేను ఎక్కువసార్లు సమాధానం చెప్పిన ప్రశ్న ఇదేనేమో. ఇంట్లోవాళ్లు ఉత్తినే అనట్లేదు. వాళ్లు చూసింది నిజమే, కారణమే వేరు.

ఎముక కరిగిపోయిన పళ్ల మధ్య గార గట్టిపడి, పళ్లన్నిటినీ కలిపి అతికించినట్టు పట్టి ఉంచుతుంది. గార తీశాక ఆ దన్ను పోతుంది, అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. దానికితోడు వాచిన చిగురు వాపు తగ్గి గట్టిపడగానే కిందికి కూర్చుంటుంది. సందులు తెరుచుకున్నట్టు, పళ్లు పొడుగైనట్టు కనబడతాయి. వేరు బయటపడ్డ చోట చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. ఇదంతా క్లీనింగ్ అయిన వారంలోనే జరుగుతుంది కాబట్టి నింద క్లీనింగ్ మీద పడుతుంది. నిజానికి చాలా పళ్లు చికిత్స తర్వాత కొన్ని నెలల్లో కాస్త గట్టిపడతాయి, ఎందుకంటే వాపు వల్ల వచ్చిన కదలిక వాపుతోపాటు పోతుంది.

పంటి పైపొర, అంటే ఎనామెల్ అరిగిపోతుందన్న భయం కూడా ఉంటుంది. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే. క్లీనింగ్‌కు వాడే పరికరం, అదే స్కేలర్, దాని మొన సెకనుకు పాతిక వేల సార్లకు పైగా కంపిస్తూ, నీళ్లు చిమ్ముతూ గారను పెచ్చులుగా ఊడగొడుతుంది. చేయి తెలిసినవాళ్లు చేస్తే దానివల్ల చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. జివ్వుమనడం మాత్రం కొన్ని రోజులు, కొందరికి కొన్ని వారాలు ఉంటుంది. అది ముందే చెప్పని డాక్టర్ మీద పేషెంట్‌కు కోపం రావడం న్యాయమే. నేను కొత్తలో చెప్పేవాణ్ని కాదు, ఆ తిట్లు తిని నేర్చుకున్నాను.

చికిత్స ఎలా సాగుతుంది

చిగుళ్ల వాపు మాత్రమే అయితే ఒకటి రెండు సిట్టింగుల స్కేలింగ్ (అంటే మామూలు క్లీనింగ్), తోముకునే పద్ధతి సరిచేసుకోవడం. అక్కడితో సరి.

పాకెట్లు ఉంటే మత్తు ఇంజక్షన్ ఇచ్చి చిగురు కింద, వేరు మీద పట్టిన గారను శుభ్రం చేస్తాం. దీన్ని మామూలుగా డీప్ క్లీనింగ్ అంటారు. నోటిని రెండు, నాలుగు భాగాలుగా చేసుకుని చేయొచ్చు, ఒక్కసారే కూడా చేయొచ్చు. ఆ తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగి మళ్లీ కొలుస్తాం. ఈ రెండో కొలతే అసలైన పరీక్ష. 4 నుంచి 6 మిల్లీమీటర్ల పాకెట్ సగటున ఒక మిల్లీమీటరు పైచిలుకు, అంతకన్నా లోతైనది సుమారు రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంటే 5 ఉన్నది 4కు వచ్చి, రక్తం రాకుండా ఉంటే మనం గెలిచినట్టే. 8 ఉన్నది 6కు వస్తే ఇంకా పని ఉన్నట్టు.

అలా మిగిలిపోయిన లోతైన చోట్ల మాత్రమే చిగురు కాస్త తెరిచి, కళ్లారా చూస్తూ శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ ఆలోచిస్తాం. ఎముక గుంటలా, నిలువుగా పోయిన చోట ఎముక పొడి నింపితే కొంత తిరిగి వచ్చే అవకాశం ఉంది. అన్ని పళ్ల దగ్గరా సమంగా, అడ్డంగా తగ్గిపోయిన ఎముకను తిరిగి పెంచే చికిత్స మాత్రం లేదు. మొదటి రోజే, రెండో కొలత లేకుండానే "నోరంతా సర్జరీ" అన్నారంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. లేజర్ పేరు చెప్పి ఊరించినా అంతే. చేత్తో చేసే డీప్ క్లీనింగ్ కంటే అది గొప్పగా పనిచేస్తుందని గట్టి ఆధారం లేదు.

నా తొలి రోజుల్లో జరిగిన ఒక తప్పు చెప్తాను. ఒకరికి ఇంటి దగ్గర తోముకునే పద్ధతి ఏమీ కుదరకుండానే, ఉత్సాహం కొద్దీ పై దవడ వెనక పళ్లకు సర్జరీ చేశాను. కుట్లు చక్కగా మానాయి, ఫొటోలు కూడా తీసుకున్నాను. ఏడాది తిరిగేసరికి పాకెట్లు ఎక్కడివక్కడే. ఇల్లు అలకగానే పండగ కాదని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు రోజూ పాచి తీసుకోవడం చేతనైందని చూసుకున్నాకే కత్తి పట్టుకుంటాను. దానివల్ల సర్జరీలు తగ్గాయి. చాలామందికి అప్పటికి అవసరమే మిగలదు.

మాత్రలూ మౌత్‌వాష్ ఎందుకు సరిపోవు

పాచి అంటే జిగురు కోట అనుకోండి. మింగిన యాంటీబయోటిక్ రక్తంలో తిరుగుతుంది కానీ ఆ జిగురు లోపలికి చాలినంత చేరదు. కోటను ముందు పగలగొట్టాలి. పగలగొట్టాక మామూలు కేసుల్లో మందు అవసరమే ఉండదు. చిన్న వయసులో వేగంగా ఎముక పోతున్నవాళ్లకు, గడ్డ కట్టి జ్వరం వచ్చినవాళ్లకు ఇస్తాం. ఊరికే రక్తం వస్తోందని మందుల షాపులో అడిగి కొనుక్కోకండి. అందులో ఎక్కువగా ఇచ్చే మెట్రోనిడజోల్ మద్యంతో పడదు, రక్తం పలచబడడానికి వాడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

మౌత్‌వాష్‌లలో క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది నిజంగానే పాచిని అణుస్తుంది. కానీ అది చిగురు అంచు దాకే, 5 మిల్లీమీటర్ల పాకెట్ అడుగుకు పోదు. రెండు వారాలు దాటి వాడితే పళ్ల మీద, నాలుక మీద గోధుమ రంగు మరకలు, నాలుకకు రుచి తేడా. పేస్టుతో తోమిన వెంటనే వాడితే దాని బలం తగ్గుతుంది, అరగంట ఆగాలి. సర్జరీ తర్వాత బ్రష్ పెట్టలేని రోజుల్లో దానికి నేనూ రుణపడి ఉంటాను. రోజువారీ బ్రష్‌కు బదులు మాత్రం కాదు. ఉప్పునీళ్లతో పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, చేసుకోండి, గారను అది ఏమీ చేయదు. చిగుళ్లకు రాసే పెయింట్లు, జెల్లులు కూడా అంతే. విటమిన్ సి లోపం వల్ల రక్తం వచ్చే జబ్బు ఉంది కానీ మామూలుగా తినేవాళ్లలో అరుదు.

ఇంట్లో మీరు చేయాల్సింది

మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. కుంచెల మొనలు పంటికీ చిగురుకీ కలిసే గీత మీద ఏటవాలుగా ఆనాలి. అక్కడ చిన్న చిన్న కదలికలు, తర్వాత పక్క పళ్లకు. కింది ముందు పళ్ల లోపలివైపు బ్రష్‌ను నిలువుగా పట్టుకుని తోమండి, అందరూ మర్చిపోయే చోటు అదే.

బ్రష్ ఎంత బాగా తోమినా రెండు పళ్ల మధ్యకు పోదు. చిగుళ్ల జబ్బు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. సందు ఉంటే ఇంటర్‌డెంటల్ బ్రష్, అంటే పళ్ల మధ్య దూర్చే సన్నటి చిన్న బ్రష్. సందు లేకుండా బిగుతుగా ఉంటే ఫ్లాస్, అంటే పళ్ల మధ్య లాగే సన్నటి దారం. ఇంటర్‌డెంటల్ బ్రష్ రకరకాల లావుల్లో వస్తుంది. కాస్త బిగుతుగా, బలవంతం లేకుండా దూరేది సరైనది, నోట్లో రెండు మూడు సైజులు పట్టొచ్చు. రోజుకు ఒకసారి, రాత్రి పడుకునే ముందు చాలు.

మొదటి నాలుగైదు రోజులు రక్తం ఇంకాస్త ఎక్కువే వస్తుంది. అక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. ఆపకండి, వారం పది రోజుల్లో తగ్గడం మీకే తెలుస్తుంది. కానీ తగ్గిందని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేయకండి. పైన చిగురు గట్టిపడి రక్తం ఆగినా, కింద లోతైన పాకెట్ అలాగే ఉండొచ్చు. అది కొలతలోనే దొరుకుతుంది.

"మా పెద్దాయన ఇవేవీ చేయలేదు, ఎనభై ఏళ్లకూ పళ్లన్నీ ఉన్నాయి" అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, అలాంటివాళ్లుంటారు. శ్రీలంకలో పళ్లు తోముకునే అలవాటే లేని 480 మంది టీ తోట కార్మికులను 1970 నుంచి పదిహేనేళ్లు గమనించారు. 11 శాతం మందికి చిగుళ్ల వాపును మించి ఏమీ కాలేదు. 81 శాతం మందికి జబ్బు ఓ మోస్తరుగా సాగింది. 8 శాతం మందికి వేగంగా ఎముక పోయింది. పాచి అందరికీ ఒకటే, ఒళ్లు స్పందించే తీరు వేరు. మీరు ఆ పదకొండు శాతంలో ఉన్నారో, ఎనిమిది శాతంలో ఉన్నారో ముందుగా చెప్పే పరీక్ష నా దగ్గర లేదు. మీ అమ్మానాన్నలకో తోబుట్టువులకో నలభైల్లోనే పళ్లు కదిలి ఊడిపోయి ఉంటే మాత్రం డాక్టర్‌కు తప్పక చెప్పండి.

వాయిదా వేయకూడని సందర్భాలు

దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవడం గానీ మింగడం గానీ కష్టమైతే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. చిగుళ్లు తాకకుండానే రక్తం కారుతూ, ఒంటి మీద కారణం లేని కమిలిన మచ్చలు, నీరసం ఉంటే పళ్ల డాక్టర్ కన్నా ముందు రక్త పరీక్ష చేయించండి. రక్తానికి సంబంధించిన జబ్బు మొదట చిగుళ్లలో కనబడడం నేనే రెండుసార్లు చూశాను. పళ్ల మధ్య చిగురు కొరికేసినట్టు పుండుపడి, విపరీతమైన నొప్పి, దుర్వాసన వస్తే అది వేరే రకం, వెంటనే చికిత్స కావాలి. రెండు వారాలైనా మానని పుండు ఏదైనా సరే చూపించుకోవాలి.

మీకు రక్తం పలచబడే మందులు, ఎముకల బలానికి ఇచ్చే ఇంజక్షన్లు, గుండెలో మార్చిన కవాటం లాంటివి ఉంటే కుర్చీలో కూర్చునే ముందే చెప్పండి. పలచబడే మందును సొంతంగా ఆపి రావద్దు.

చికిత్స అయ్యాక మొదటి ఏడాది సుమారు మూడు నెలలకోసారి రమ్మంటారు. డబ్బు కోసం కాదు. చిగురు కింద తీసేసిన సూక్ష్మజీవులు మెల్లగా మళ్లీ చేరతాయి, ఆ లోపు కదిలించాలి. అంకెలు నిలకడగా ఉంటే ఆరు నెలలకు పెంచొచ్చు. చిగుళ్ల వాపు మాత్రమే ఉన్నవాళ్లకు అంత తరచుగా అక్కర్లేదు.

ఆ పొడుగైన పన్ను గురించి చివరి మాట. జారిన చిగురు దానంతటది పైకి రాదు. ఎముక సరిగ్గా ఉండి చిగురు మాత్రమే జారితే, అంగిలి నుంచి పలచటి పొర తీసి అక్కడ కప్పే చికిత్స ఉంది, ముందు వాపు పూర్తిగా తగ్గాలి. జివ్వుమనకుండా, ఇంకా జారకుండా ఉంటే కప్పకుండా వదిలేసినా పర్వాలేదు. వెళ్లినప్పుడు ఆ పంటి చుట్టూ వచ్చిన ఆరు అంకెలు, కదలిక ఉందో లేదో, ఎక్స్‌రేలో ఎముక ఎక్కడిదాకా ఉందో కాగితం మీద రాయించుకోండి. మూడు నెలల తర్వాత పోల్చి చూసుకోవడానికి అవి కావాలి.